నిరపరాధులపై అపరాధ పరిశోధన

గుంటూరు మిరపయార్డులో వేసవినాడు అడుగుపెట్టినవాడు బస్తాలు మోయు కూలీయైనను, బేరమాడు షావుకారైనను తుమ్మక తప్పదు, కన్నీరు పెట్టక తప్పదు. అది ఘాటు చేయు పని. ముక్కు పొరలను మండించి అందరికిని ఇంచుమించు సమానముగా కలుగు బాధ. దానికి కారణము వెదుకనక్కరలేదు, ఎదుటనే గుట్టలు గుట్టలుగా ఎర్రగా కనబడుచునే యున్నది. కాని ఒకే పంక్తిని కూర్చుండి ఒకే వడ్డన భుజించిన నూర్గురిలో తక్కినవారెల్లరు తాంబూలము వేసికొని సుఖముగా కబురులాడుకొనుచుండగా, ఒక్కని పెదవులు మాత్రము ఉబ్బి, ఒడలెల్ల దద్దురులు లేచి, ఊపిరి బిగిసినచో, ఆ రొయ్యల వేపుడునో వేరుసెనగ పచ్చడినో దోషిగా నిలువబెట్టుటకు సాక్షి యెవ్వడు? పదిమందికి అన్నమైన వస్తువే ఒకనికి అపకారి యగుట, అదియును చిటికెడు చాలుట, ఒక్కొక్కప్పుడు తాకిన రెండు దినములకు గాని ఫలము కనబడకుండుట, ఈ మూడును కలిసి, అలర్జీ అని నేడు బడిపిల్లలు సైతము పలుకు ఈ వికారమును గుర్తించుటకు వేల సంవత్సరములు అడ్డుపడినవి. తుదకు గుర్తించినవారిలో పెక్కురు తామే రోగులై, తమ శరీరములనే ప్రయోగశాలలుగా చేసికొన్నవారగుట ఈ చరిత్రలోని విశేషము. ఏలయన ఈ వ్యాజ్యములో ఇతరుల శరీరములు సాక్ష్యము పలుకవు.

పూర్వులు దీనిని చూడలేదని అనరాదు. గ్రీకు వైద్యుడైన హిప్పొక్రటీసు పేరిట వెలసిన గ్రంథములలో, చీజు కొందరికి కడుపునిండ తిన్నను బలమే యిచ్చుననియు, కొందరికి బాధ కలిగించుననియు చెప్పబడియున్నది. మన ఆయుర్వేదము ఆహారవిహారములను సాత్మ్యములు, అసాత్మ్యములు అని విభజించి, ఒకని దేహమునకు అలవడినది వేరొకనికి అలవడకపోవచ్చునని అంగీకరించెను. మాధవకరుని నిదానగ్రంథము శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను పేరులతో దద్దురుల వికారములను ప్రత్యేకముగా వివరించి, కందిరీగ కుట్టినచోట లేచునట్టి వాపును, దురదను, పోటును, ఒక్కొక్కయెడ వాంతిని, జ్వరమును పేర్కొనెను. వర్ణన ఇంత సూక్ష్మమైనను, కారణము మాత్రము చల్లగాలి సోకుటయనియు, దాన ప్రకోపించిన కఫవాతములు పిత్తముతో కూడుటయనియు తేల్చిరి. ఇక శాస్త్రము చదువని మన యింటి పెద్దలు "వాడికి గోంగూర పడదమ్మా, వేరే కూరేదైనా చేసిపెట్టు" అని కోడలితో చెప్పి ఊరకుండిరి. నా మట్టుకు, కారణవిచారము చేసిన పండితుల కంటె, వస్తువును పేరుపెట్టి చూపిన ఆ అత్తగార్లే నిజమునకు సమీపముగా ఉండిరని తోచును. అయినను పడకపోవుట యనగానేమి, అది ఎట్లు జరుగును అను ప్రశ్న ఉభయులకును తట్టలేదు.

ఆ ప్రశ్నకు ఆధునిక వైద్యమున ప్రారంభము 1819వ సంవత్సరము మార్చి 16వ తేదీని జరిగెను. ఆనాడు లండనులోని ఒక వైద్యసంఘము ఎదుట జాన్ బోస్టాక్ అను వైద్యుడు ఒక రోగి వృత్తాంతమును చదివెను. రోగి పేరు జె. బి.; వయస్సు 46 ఏండ్లు; ఎనిమిదవ యేటినుండి ఏటేట జూన్ మాసము సమీపింపగానే అతని కన్నులు ఎర్రబారి మండును, తుమ్ములు తెరపి లేక వచ్చును, రొమ్ము బిగిసి ఊపిరి ఆడదు, వేసవి గడచినంతనే అన్నియు తమంత తామే అణగిపోవును. రక్తము తీసిరి, విరేచనములు చేయించిరి, బొబ్బలు లేపించిరి, సింకోనాబెరడు, ఇనుము, నల్లమందు, పాదరసము వరుసగా మ్రింగించిరి, చన్నీట ముంచిరి, గుణమేమియు కలుగలేదు. ఆ జె. బి. మరెవ్వరో కాదు, ఆ పత్రము చదువుచున్న జాన్ బోస్టాకే. తన వంటివారు మరికొందరు ఉందురేమోయని తొమ్మిదేండ్లు గాలించి, 1828లో 28 మంది రోగుల వివరములతో రెండవ పత్రమును సమర్పించెను. కొత్తగా కోసిన ఎండుగడ్డి వాసనయే దీనికి మూలమని అప్పటికే జనశ్రుతి వ్యాపించి, హే ఫీవర్ అను పేరు ఆ నమ్మకము నుండియే పుట్టెను. బోస్టాక్ దానిని త్రోసిపుచ్చెను. ఎండవేడిమియే కారణమని అతని నిశ్చయము. సముద్రతీరమున రామ్స్‌గేట్‌లో వసించినపుడు తనకు ఉపశమనము కలిగినది కూడ చల్లదనము వలననే యని సమాధానపడెను. సముద్రము మీదినుండి వచ్చు గాలిలో వేడి కంటె వేరొకటి కూడ తక్కువగా ఉండునని ఆ మేధావికి స్ఫురించలేదు. పామరులు గడ్డిని అనుమానించిరి, పండితుడు సూర్యుని అనుమానించెను. పామరుల అనుమానమే మూడుపాళ్లు నిజమైనది.

మిగిలిన పాలు పూరించినవాడు మాంచెస్టరు నగరవాసియైన చార్లెస్ బ్లాక్లీ. ఇతడు మొదట అచ్చుపని నేర్చి, పిమ్మట హోమియోపతి వైద్యుడై, ప్రతి వేసవియు తుమ్ములతో గడపినవాడు. 1859లో ఒకనాడు తన యింట పిల్లలు పూజాడీలో గ్రుచ్చిన గడ్డివెన్నులను అతడు కదపగా, సన్నని పుప్పొడి మేఘమువలె లేచి ముఖమున సోకెను. తోడనే తుమ్ములు ఆరంభమయ్యెను. ఇట్టి సంఘటన వేలమందికి జరిగియుండును. కాని బ్లాక్లీ తుమ్మి ఊరకుండక, అనుమానితుల జాబితా వ్రాసికొని, ఒక్కొక్కరినే పిలిచి విచారించిన న్యాయాధిపతివలె, సంవత్సరముల తరబడి ఒక్కొక్క ద్రవ్యమునే పరీక్షించెను. ఎండుగడ్డికి సువాసన నిచ్చు కుమారిన్‌ను పీల్చిచూచెను, బెంజోయిక్ ఆమ్లమును పీల్చిచూచెను, ఓజోను వాయువును పీల్చిచూచెను, ఎండవేడిమిని పరీక్షించెను, బాటల ధూళిని పరీక్షించెను. హే ఫీవర్ లక్షణములను యథాతథముగా తెచ్చినది పుప్పొడి యొక్కటే. అంతటితో తృప్తి చెందక, ముంజేతి చర్మమును వాడియైన కత్తిమొనతో గీరి, తడిపిన పుప్పొడి నుంచి కట్టు కట్టెను. రెండవ చేతిని అటులనే గీరి, పుప్పొడి లేకయే కట్టు కట్టెను. కొన్ని నిమిషములలో మొదటి చేయి దురదపెట్టి, తెల్లగా ఉబ్బి, చుట్టును ఎర్రబారెను. రెండవ చేతికి గీత తప్ప వేరేమియు లేదు. నేడు నగరములలోని ప్రత్యేక వైద్యశాలలలో ముంజేతిపై వరుసగా చుక్కలు వేసి, సూదితో తాకించి, పదునైదు ఇరువది నిమిషములు వేచి ఏ చుక్క ఉబ్బెనో చూచు పరీక్షకు ఇదియే మూలపురుషుడు.

గాలిలో పుప్పొడి ఎంత యుండునో తెలిసికొనుటకు అతడు పన్నిన ఉపాయము మరింత చిత్రమైనది. గాజుపలకలకు జిగురు పూసి బయలుగాలిలో ఉంచి, ప్రతిదినము సూక్ష్మదర్శినితో పుప్పొడి రేణువులను లెక్కించి, ఆ లెక్కకును తన తుమ్ములకును పొత్తు కుదురుటను కనిపెట్టెను. అటుపై ఆ పలకలను గాలిపటములకు కట్టి వేయి అడుగులకు మించిన యెత్తునకు ఎగురవేసి, నేలదాపున కంటె పైనే పుప్పొడి అధికముగా తగులుటను చూచెను. పొలములు లేని నగరమధ్యమున గూడ రోగి ఎందుకు తుమ్మునో దానితో తేటపడెను. 1873లో ఈ ప్రయోగములన్నిటిని గ్రంథముగా ప్రకటించెను. దానిని ఆనాటి వైద్యలోకము పెద్దగా మన్నింపలేదు. సూక్ష్మజీవుల వెనుక అందరును పరుగెత్తుచున్న కాలమది. భౌతికశాస్త్రమున అగ్రగణ్యుడైన హెల్మ్‌హోల్ట్జ్ అంతటివాడు, తానును ఈ వ్యాధిచే బాధపడుచు, తన ముక్కునుండి వచ్చిన ద్రవములో కదలు సూక్ష్మజీవులను చూచి, అవియే దోషులని తలచి, క్వినైను నీటితో ముక్కు కడిగికొనెను. పెద్ద పేరు గల శాస్త్రజ్ఞుని పొరపాటునకు లభించిన మన్నన, పేరులేని హోమియో వైద్యుని సత్యమునకు లభించలేదు.

బ్లాక్లీ గమనించిన మరొక వింత నేటికిని శాస్త్రజ్ఞులను వేధించుచున్నది. పుప్పొడిలో మునిగితేలు కర్షకులకు ఆనాడు ఈ వ్యాధి కానరాకుండెను. చదువరులకు, సంపన్నులకు మాత్రము పట్టుచుండెను. ఎడతెగని సహవాసమువలన కర్షకుని దేహము పుప్పొడికి ఓర్చుకొన నేర్చెనేమోయని అతడు ఊహించెను. 1989లో స్ట్రాచన్ అను ఆంగ్ల పరిశోధకుడు, ఇంటిలో అన్నలు అక్కలు పెక్కుమంది యున్న పిల్లలకు హే ఫీవర్ తక్కువగా వచ్చుటను చూపి, బాల్యమున సోకు అంటులే దేహమునకు ఓర్పు నేర్పునేమో యనినపుడు, ఈ పాత ప్రశ్నయే మరల తల యెత్తెను.

అట్లాంటిక్ ఆవలి తీరమున మోరిల్ వైమన్ అను వైద్యుడు, తానును తన కుమారుడును ఏటేట శరత్కాలమున పడు బాధనుండి తప్పించుకొనుటకు న్యూ హాంప్‌షైర్ లోని శ్వేతపర్వతములకు పోవుచుండెను. ఒకసారి రాగ్‌వీడ్ అను కలుపుమొక్కను పొట్లము కట్టి అచ్చటికి తెప్పించి విప్పి వాసన చూచిరి. కొండగాలి కొండగాలిగానే యుండగా తుమ్ములు మాత్రము వచ్చిపడెను. 1872లో అతడు గ్రంథము వెలువరించెను. ఇంగ్లండులో హెన్రీ హైడ్ సాల్టర్, బాల్యమునుండి ఉబ్బసరోగి, పిల్లి దగ్గరకు వచ్చినచో తనకు ఊపిరి బిగియుటను వర్ణించెను. మన ప్రాంతమున సర్కారుతుమ్మ పుప్పొడి, బొద్దింకల పొట్టు, ఇంటిదుమ్ము ఇట్టి నేరములకు పేరుమోసినవని వైద్యులు చెప్పుదురు.

ఇంతవరకు నడచినది దోషి యెవ్వడను విచారణ. నేరము ఎట్లు జరుగునను విషయము వేరొక దారిని, సూదిమందు దారిని బయటపడెను. 1890లో బేరింగ్, కిటసాటో అను శాస్త్రజ్ఞులు, విషపదార్థములకు గురియైన జంతువుల రక్తరసిలో వాటికి విరుగుడు పుట్టునని చూపిరి. గుర్రములనుండి తీసిన అట్టి రక్తరసి కంఠసర్పివాతముతో మరణోన్ముఖులైన వేలకొలది శిశువులను బ్రతికించెను. అట్టి అమృతమే 1896లో బెర్లినులోని ఒక ప్రసిద్ధ వ్యాధిశాస్త్రజ్ఞుని పసిబిడ్డను, వ్యాధి లేకున్నను ముందుజాగ్రత్తకై యిచ్చినంతనే, నిమిషములలో పొట్టనబెట్టుకొనెను. ఔషధము ప్రాణము తీయుటెట్లు? ఈ గుట్టు పారిసు నగరమున ఒక కుక్క వలన తేలెను.

1901 వేసవిలో మొనాకో రాజైన మొదటి ఆల్బర్ట్ తన నౌకలో సముద్రయాత్ర చేయుచు, షార్ల్ రిషే, పోల్ పోర్టియే అను శాస్త్రజ్ఞులను వెంట గొనిపోయి, ఫిసేలియా అను నీలి సముద్రప్రాణి విషమును పరిశోధింపుడని కోరెను. తిరిగివచ్చిన పిదప ఆ ప్రాణి దొరకక, ఆక్టీనియా అను సముద్రజీవి విషముతో కుక్కలపై ప్రయోగములు సాగించిరి. అల్పమోతాదులు ఇచ్చుచు పోయినచో కుక్కలు విషమునకు అలవాటుపడునని వారి యాశ. నెప్ట్యూన్ అను బలిష్ఠమైన కుక్క మొదటి సూదికి ఏ బాధయు పొందలేదు. 22 దినములు గడచి, అది సంపూర్ణారోగ్యముతో ఉండగా, అదే మోతాదును రెండవమారు ఇచ్చిరి. కొన్ని క్షణములలో అది రొప్పసాగెను, కాళ్లీడ్చుచు ప్రక్కకు ఒరిగెను, రక్తము కక్కెను, 25 నిమిషములలో ప్రాణము విడిచెను. రక్షణ కలుగవలసినచోట దానికి విపర్యయము కలిగినదని రిషే దానికి అనాఫిలాక్సిస్ అని పేరిడి, 1913లో నోబెల్ బహుమానము పొందెను. వియన్నాలో శిశువైద్యుడైన క్లెమెన్స్ వాన్ పిర్కే, బేలా షిక్‌తో కూడి, రక్తరసి యిచ్చిన బిడ్డలను పరికించుచు, మొదటి సూదికి వారము పదిదినములకు వచ్చు జ్వరము, దద్దురులు రెండవ సూదికి ఆనాడే వచ్చుటను చూచెను. వచ్చిన పరదేశి ద్రవ్యమొక్కటే కారణమైనచో రెండు సారులును ఒకే వ్యవధి పట్టవలెను గదా! దేహమే మొదటి పరిచయమువలన మారిపోయినదని అతడు గ్రహించి, ఆ మారిన స్వభావమునకు 1906లో అలర్జీ యను పేరు కల్పించెను. ఆ నాటితో నేరములో సగము వస్తువునుండి దేహము మీదికి బదిలీ యయ్యెను.

దేహములో ఎచ్చట? దీనికి సమాధానము తెచ్చినది ఒక చేపముక్క. నాటి జర్మనీలోని బ్రెస్లౌ నగరమున హైంట్స్ క్యుస్ట్నర్ అను యువవైద్యుడు వండిన చేప తిన్న అరగంటలో దురదలు, దద్దురులు, వాపు, దగ్గు, వాంతులు అనుభవించువాడు. అతని సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ చేపను హాయిగా తినువాడు, కాని పుప్పొడికి తుమ్మువాడు. 1921లో క్యుస్ట్నర్ రక్తరసిని ప్రౌస్నిట్జ్ తన కడుపు చర్మములో ఒక చుక్క ఎక్కించుకొని, మరునాడు అదే చోట చేపసారమును ఎక్కించుకొనెను. కొలది నిమిషములలో అచ్చట దద్దురు లేచి చుట్టును ఎర్రబారెను. ప్రక్కనున్న చర్మమునకు చీమ కుట్టినంతయైన లేదు. ఒకని అసహనము రక్తమువెంట మరొకనికి సంక్రమించినదన్నమాట. అంతకు రెండేండ్ల ముందే, 1919లో, న్యూయార్కునందు రామిరెజ్ అను వైద్యుడు ఇట్టిదే చెప్పియుండెను: రక్తదానము పొందిన ఒకడు గుర్రపుబండి యెక్కి విహారమునకు పోగా, ఎన్నడును లేని ఉబ్బసము పైకొనెను, విచారింపగా రక్తమిచ్చినవాడు గుర్రము పడనివాడని తేలెను. ప్రౌస్నిట్జ్ తరువాత హిట్లరు ఏలుబడిలో జర్మనీ విడిచి ఇంగ్లండు చేరి, వైట్ ద్వీపమున సామాన్య వైద్యుడుగా శేషజీవితము గడపెను.

చేప ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. అలర్జీకి పేరుమోసిన ఆహారములలో ఒకటైన చేపయే హైదరాబాదున ఉబ్బసమునకు మందు మోయు వాహనమగుట విధివిలాసము. మృగశిర కార్తె ప్రవేశించిన నాడు బ్రతికియున్న కొరమీను పిల్ల నోట పసుపుపచ్చని ముద్దనుంచి రోగి గొంతులో జారవిడుచు బత్తినివారి ఆచారము 1845 నుండి వచ్చుచున్నదని ఆ వంశీయుల కథనము. దాని గుణమునకు శాస్త్రీయ నిరూపణ లేదు. అయినను తొలకరి దినములలో ఊపిరాడక రాత్రులు కూర్చుండి గడపినవాడు ఆ వరుసలో ఎందుకు నిలుచునో, ఉబ్బసము నెరిగిన యింటివారికి చెప్పవలసిన పని లేదు.

ప్రౌస్నిట్జ్ రక్తములో ఉన్నదని చూపిన ఆ పదార్థమును చేతబట్టుటకు మరి నలుబదియైదేండ్లు పట్టెను. 1966లో డెన్వరులో కిమిషిగె ఇషిజాక, టెరుకో ఇషిజాక అను జపాను దంపతులు, రాగ్‌వీడ్ పడని రోగుల రక్తరసిని భాగములు భాగములుగా విడదీసి, ఏ భాగము దద్దురు లేపునో తమ వీపులపైననే పరీక్షించి చూచి, ఐజి-ఇ అను ప్రతిదేహకమును గుర్తించిరి. స్వీడనులో యోహాన్సన్, బెన్నిచ్ మరియొక మార్గమున అదే పదార్థమును చేరిరి; 1968లో దానికి ఆ పేరు స్థిరపడెను. మొదటి పరిచయమున పుట్టిన ఈ ప్రతిదేహకము చర్మము, ముక్కు, ఊపిరితిత్తులు, పేగులయందలి మాస్టు కణములపై ఎక్కి కూర్చుండును. అదే వస్తువు మరల వచ్చినపుడు ఆ కణములు హిస్టమిన్‌ను, తక్కిన ద్రవ్యములను ఒక్కుమ్మడిగా వెలిగ్రక్కును. డేల్, లైడ్‌లా అను వారు 1910లోనే హిస్టమిన్ ప్రభావములను వర్ణించిరి. దానికి విరుగుడును 1937లో బోవె, స్టౌబ్ కనిపెట్టిరి. నేడు మన పల్లెల కిరాణాకొట్టులో గూడ దొరకు అవిల్, సెట్రిజిన్ మాత్రలు ఆ వంశమునకు చెందినవే. అయితే ఆ మాత్రలు దురదకు, తుమ్ములకు చాలును గాని, నెప్ట్యూన్‌కు కలిగిన అవస్థకు చాలవు. తిన్న లేక కుట్టిన కొన్ని నిమిషములలో దద్దురులతో పాటు నాలుక వాచుట, గొంతు బొంగురుపోవుట, పిల్లికూతలు, వాంతులు, కన్నులు తిరిగి కూలబడుట కనబడినచో అది అనాఫిలాక్సిస్. దానికి ముందుగా పడవలసినది తొడకండలో ఎడ్రినలిన్ సూదియే, తరువాత ఆసుపత్రి.

ఇంటిదుమ్ము ఎందుకు పడదో 1964 వరకు తెలియలేదు. హాలండులోని లైడెన్‌లో వోర్‌హోర్స్ట్, స్పీక్స్మా బృందము, మన చర్మమునుండి రాలు పొట్టును తిని పరుపులలో బ్రతుకు, కంటికానని ఒక ధూళిపురుగును పట్టి చూపెను. సాలీడు చుట్టమైన ఆ జీవియొక్క మలమే ముఖ్య దోషి.

ఈ చరిత్రలో తెలుగునేలకు గల భాగము నాకు మిక్కిలి ప్రియమైనది. అది మదనపల్లె చేరువ ఆరోగ్యవరమున జరిగెను. అచ్చటి క్షయ చికిత్సాలయమునకు దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు వచ్చుచుండిరి. క్షయ యను మాట ఇంట పడినచో పెండ్లి సంబంధములు తప్పిపోవు కాలమది, మందు లేని కాలమది. వచ్చినవారిలో కొందరికి దగ్గు, సన్నని జ్వరము, చిక్కిపోవుట అన్నియు క్షయవలెనే ఉండెను. ఎక్స్‌రే పటములో ఊపిరితిత్తుల నిండ చుక్కలు క్షయవలెనే కనబడెను. కాని ఎన్నిమారులు కఫము పరీక్షించినను క్షయక్రిములు దొరకలేదు. రక్తము చూడగా, ఎర్లిక్ 1879లో ఇయోసిన్ రంగుతో గుర్తించిన ఇయోసినోఫిల్ అను తెల్లకణములు విపరీతముగా పెరిగియుండెను. ఆ వైద్యశాలాధిపతియైన డెన్మార్కు దేశస్థుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్, బార్టన్‌తో కూడి, 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికయందు దీనిని క్షయ కాని క్షయగా వర్ణించెను. లేని క్షయకు భయపడి సంసారమును వదలివచ్చినవారికి ఆ రక్తపరీక్ష ఎట్టి వరమో ఊహించుకొనవచ్చును. 1943లో వైంగార్టెన్ అను వైద్యుడు 81 మంది రోగులను వర్ణించి ట్రాపికల్ ఇయోసినోఫీలియా యని నామకరణము చేసెను. తెలుగు నోట అది ఇస్నోఫీలియాగా మారి, రెండు తుమ్ములు వరుసగా వచ్చినంతనే "నాకు ఇస్నోఫీలియా ఉందండీ" అనునంతగా ఇంటింటి మాట యయ్యెను. అట్లు చెప్పుకొనువారిలో అధికులకు ఉన్నది ఆ జబ్బు కాదు, సామాన్యమైన అలర్జీయే.

కారణము తెలియకయే మందు ముందుగా దొరకినది. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనాధిపతియైన యల్లాప్రగడ సుబ్బారావు బృందము 1947లో హెట్రజాన్ అను ఔషధమును, మన కోస్తాజిల్లాలను పీడించు బోదకాలునకు మూలమైన ఫైలేరియా పురుగులకై, వెలికి తెచ్చెను. మరుసటి యేడే సుబ్బారావు పరమపదించెను. పదేండ్లు గడవకముందే ఆ మందు ఇయోసినోఫీలియా దగ్గును దినముల మీద మాన్పుట వైద్యులు చూచిరి. బోదకాలు మందు ఊపిరితిత్తుల దగ్గునెట్లు మాన్పెను? 1960లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో వెబ్, జాబ్, గాల్ట్ ఇట్టి రోగుల ఊపిరితిత్తులయందు, కాలేయమునందు, లసికాగ్రంథులయందు ఫైలేరియా పిల్లపురుగులను ప్రత్యక్షముగా చూపిరి. ఒకే దోమకాటు, ఒకే పురుగు. అది కొందరి రక్తములో రాత్రివేళ నిశ్శబ్దముగా ఈదును, కొందరి కాలు ఉబ్బించును, కొందరి దేహము మాత్రము దానిని రక్తములో తిరుగనీయక ఊపిరితిత్తులలో పట్టి, మితిమీరిన కోపముతో నడిరేయి దగ్గును తెచ్చుకొనును. పంక్తిభోజనమున రొయ్యలు తిన్న నూర్గురి కథయే ఇదియును.

నిమిషములలో గాని గంటలలో గాని బయటపడు నేరములు కాక, రెండు దినములకు బయటపడునవి వేరొక జాతి. వానికి ఐజి-ఇతో పని లేదు, తెల్లకణములే స్వయముగా యుద్ధము సాగించును. బ్రెస్లౌ నగరమునందే యడాసోన్ అను వైద్యుడు 1895లో, అనుమానించిన ద్రవ్యమును వీపునకు అంటించి పట్టీ వేసి దినముల పిమ్మట విప్పిచూచు పరీక్షను ప్రవేశపెట్టెను. దీనికి మన దేశము ఇచ్చిన చక్కని ఉదాహరణము నల్లజీడి. రజకులు ఆ గింజను సూదితో గ్రుచ్చి, నల్లని రసముతో బట్ట అంచున ఏ యింటికి ఆ యింటి గుర్తు వేయుదురు. ఆ చుక్క ఎన్ని ఉతుకులకును పోదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున భారతదేశమునకు వచ్చిన అమెరికను సైనికులకు మెడవెనుకను, నడుముచుట్టును దురదపెట్టు పుండ్లు లేచెను. వైద్యులు చూడగా, బట్టల మీది గుర్తు ఎచ్చట తాకునో సరిగా అచ్చటనే పుండు! 1943లో ఆ వివరములు అమెరికా వైద్యపత్రికలో వెలువడెను. మనవారు తరతరములుగా ధరించు గుర్తు వారికేల పడలేదనగా, వారి దేశమున పాయిజన్ ఐవీ యను తీగ కలదు, అది నల్లజీడికి జ్ఞాతి, రెంటిలోను రసము ఒకే కోవకు చెందినది. మొదటి పరిచయము అమెరికా అడవులలో జరిగినది, రెండవది రజకుని సూదిమొనతో. పలాసలో జీడిపిక్కలు వొలుచు స్త్రీలు చేతులకు నూనెయో బూడిదయో పూసికొనుట కూడ ఆ వంశపు రసమునకు వెరచియే.

కడపట వచ్చినది వయ్యారిభామ. 1950ల నడుమ పూనా పరిసరములలో కనబడిన ఈ అమెరికా ఖండపు కలుపు, అచ్చటినుండి వచ్చిన గోధుమలతో దిగుమతి యయ్యెనని పలువురి విశ్వాసము. కాంగ్రెసు గడ్డి యని జనులు దానికి పేరుపెట్టి కసి తీర్చుకొనిరి. తెల్లని చిన్నపూలతో రోడ్డుప్రక్కల, బీళ్లలో, పొలముగట్ల అది క్రమ్ముకొన్న కొలదిని, ముఖము, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దళసరియై నల్లబారి దురదపెట్టు రోగులు చర్మవైద్యుల యొద్దకు రాసాగిరి. మొక్కను ముట్టనివారికి సైతము గాలిలో ఎగురు దాని పొడి వలన వచ్చుటచే మొదట ఎండబాధ యని భ్రమించిరి. బోస్టాక్ సూర్యుని నిందించినట్లే. వీపుపై పట్టీపరీక్ష చేయగా ఆ మొక్కలోని పార్థెనిన్ పట్టుబడెను. ఈ వ్యాధి పిల్లలలో అరుదు. ఏండ్ల తరబడి ఆ కలుపు నడుమ పనిచేసిన నడివయస్సు మగవారిలో మెండు. మాంచెస్టరు పొలములలో నిరంతర సహవాసము కర్షకుని కాపాడినదని బ్లాక్లీ తలచెను. మన పొలములలో నిరంతర సహవాసమే కర్షకుని పట్టిచ్చుచున్నది. కావున కలుపు తీయబోవువారికి నేటి చర్మవైద్యులు చెప్పునది, పూత పట్టకముందే పీకవలెననియు, చేతులకు తొడుగులు వేసికొని, నిండుచేతుల చొక్కా తొడిగి, ముఖమునకు గుడ్డ కట్టికొని గాని ఆ బీడులో దిగరాదనియు.